పేటకు నడిచివచ్చిన ప్రభుత్వము: ఎస్.ఆర్. శంకరన్ గారిని గూర్చి

(మన అధ్యక్ష మండల శతాబ్ది ఉత్సవములలో సాయంకాల సభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్లలో మనకు మేలు చేసినవారిని తలచుకొనుట ఉత్సవముల మొదటి దినము నుండి జరుగుతూనే ఉన్నది. దొరగార్ల పేర్లు చెప్పుకొన్నాము, దొరసానమ్మల పేర్లు చెప్పుకొన్నాము. బైబిలు స్త్రీలుగా ఊరూరు తిరిగిన మన అవ్వలను కూడా మరువలేదు. ఈ సాయంకాలము మేము చెప్పబోవు పేరు మన సంఘ రిజిస్టర్లలో వెదికినా దొరకదు. ఆయన మన బడిలో చదువలేదు, మన మతస్థుడు కాడు, మన భాషవాడు కూడా కాడు. తమిళ దేశములో తంజావూరు జిల్లాలో 1934లో పుట్టి, ఐ.ఎ.ఎస్. అధికారిగా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవాడు. పేరు ఎస్.ఆర్. శంకరన్. మన పేటలలో పెద్దవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. పిల్లలకు తెలియదు. అందుకే ఈ ప్రయాస.

“మేము” అంటున్నారు, ఎవరు మీరు అని అడుగవచ్చును. ఈ సంఘములో ఉద్యోగ విరమణ చేసిన ప్రభుత్వోద్యోగులము నలుగురము. ఒకరు రెవెన్యూలో గుమాస్తా, ఒకరు సంక్షేమ హాస్టల్ వార్డెన్, ఒకరు ఖజానా ఆఫీసు, ఒకరు బడిపంతులు. నలుగురము అరుగుమీద కూర్చొని వ్రాసుకొన్నది ఇది. మాలో కొంచెము గొంతు ఉన్నవాడు చదువుచున్నాడు, అంతకు మించి అతనికి గొప్ప లేదు.

మేము శంకరన్ గారితో కూర్చొని మాట్లాడినవారము కాము. ఆయన శాఖ నుండి దిగివచ్చిన కాగితములు ఫైలులో పెట్టినవారము. అయితే చిన్న ఉద్యోగికి పెద్ద అధికారి సంగతి కాగితమునుబట్టే తెలుస్తుంది. కొందరి కాగితము చూస్తే, పని చేయకుండ తప్పించుకొను దారి ఎక్కడున్నదో అదే చెప్పేది. ఆయన శాఖ కాగితము ఆ దారి మూసివేసేది.

మొదట జీతము సంగతి చెప్పాలి. ఇప్పుడు జీతము అంటే నెల తిరుగగానే బ్యాంకులో పడే డబ్బు. మన తాతల నాటికి జీతము ఉండుట అంటే వేరు. పెండ్లికో, చావుకో, కరువులో గింజలకో దొర దగ్గర కొంత తీసుకొని, అది తీరేవరకు దొర ఇంట పశువులు కాచి, మోట కొట్టి, పేడ ఎత్తి బ్రతుకుట. అది తీరేది కాదు. వడ్డీ పెరిగేది, కొలత పెరిగేది, తండ్రి పోతే కొడుకు వచ్చి ఆ కొట్టములోనే పడుకొనేవాడు. నైజాము కాలములో దీనిని భాగేలా అన్నారు, 1943లో దానిమీద ఒక నిబంధన కూడా వచ్చినది. నిబంధన వచ్చినదని జీతగాండ్రకు చెప్పినవాడు లేడు.

1975 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. 1976లో అది వెట్టిచాకిరి నిర్మూలన చట్టమైనది. ఆ చట్టములో దేశమందలి ఇటువంటి చాకిరీలకు ఏయే ప్రాంతములో ఏయే పేర్లున్నవో ఒక వరుస ఇచ్చినారు. ఆ వరుసలో భాగేలా ఉన్నది, జీత ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. మన తాతల నోట కన్నీళ్ళతో పలికిన మాటలు పార్లమెంటు చట్టములోకి ఎక్కినవి. మాలో రెవెన్యూలో పనిచేసినవారు మొదటిసారి ఆ పుట చదివినప్పుడు కొంతసేపు పుస్తకము మూసి కూర్చొన్నారట.

ఆ చట్టము చెప్పినది మూడు నాలుగు మాటలలో చెప్పవచ్చును. వెట్టి అప్పు ఆ దినముననే రద్దు. తాకట్టు పెట్టినది తిరిగి ఇవ్వాలి. విడుదలైనవానిని ఉన్న గుడిసె నుండి వెళ్ళగొట్టరాదు. వెట్టి చేయించినవానికి మూడేండ్ల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా. జిల్లాకొకటి, డివిజనుకొకటి విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో అధికారులే కాక ఆ ప్రాంతములోని షెడ్యూల్డు కులములు, తెగలవారు ముగ్గురు సభ్యులుగా కూర్చొనాలి. ఇంకొక మాట ఉన్నది. అది ఇప్పుడు చెప్పము, కొంచెము ముందుకు పోయిన పిమ్మట చెప్పుతాము, ఎందుకనగా దానిలో మా తప్పు ఒకటి ఉన్నది.

చట్టము దేశమంతటికి వచ్చినది. కాని చట్టము వచ్చుట వేరు, పేటకు వచ్చుట వేరు. ఆ కాలములో మన రాష్ట్రములో సాంఘిక సంక్షేమ శాఖను చూచినవారు శంకరన్ గారు. అంతకు ముందు ఢిల్లీలో ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం గారి వద్ద పనిచేసి, 1971 నుండి 1973 వరకు బొగ్గు గనుల జాతీయకరణ పనిలో పాలు పంచుకొని వచ్చినవారు. అటువంటి పనులు చేసినవారికి సంక్షేమ శాఖ అంటే, మా ఆఫీసు భాషలో చెప్పవలెనంటే, మూలకు వేసినట్లు. ఆయన ఆ మూలనే తన స్థానమనుకొన్నారు. పెండ్లి చేసుకొనలేదు. తన సొమ్ములో చాల భాగము పేద పిల్లల చదువులకు పోయేది.

ఆయన పద్ధతిని గూర్చి ఆయనతో తిరిగినవారు చెప్పేది ఒకటే. ఊరికి పోతే ముందు దళితవాడకు పోవాలి. మామూలుగా అధికారి జీపు ఎక్కడ ఆగేది? పటేలు ఇంటి ముందర. అక్కడ మంచము వేసేవారు, నిమ్మకాయ నీళ్ళు వచ్చేవి, పట్వారీ దస్త్రము విప్పేవాడు. “మా ఊళ్ళో వెట్టి లేదండి, అందరు ఇష్టముగ పనిచేస్తున్నారు” అని పటేలు చెప్పేవాడు, పట్వారీ వ్రాసేవాడు, అధికారి సంతకము పెట్టేవాడు. ఆ జీతగాడు అదే వాకిట పశువులకు నీళ్ళు పెట్టుచుండేవాడు! అతనిని అడిగినవాడు లేడు. అడిగినా దొర ముందర ఏమి చెప్పును? “నా బాంచెను, నాకేం తెల్వదు” అనేవాడు.

జీపు పేటలో ఆగితే కథ మారుతుంది. అతని గుడిసె ముందర, అతని ఆడవాళ్ళ మధ్య కూర్చొని అడిగితే నోరు పెగులుతుంది. ఒకరు చెప్పితే ఇంకొకరు అందుకొంటారు. ఇది వినుటకు చిన్న విషయము. ఉద్యోగము చేసిన మాకు తెలుసు, ఆఫీసులో ఇంతకన్న పెద్ద మార్పు లేదు. విచారణ ఎక్కడ కూర్చొని చేసినారో దానినిబట్టే విచారణ ఫలితము ఉంటుంది.

రెండవ సంగతి. విడుదల పత్రము చేతికి ఇచ్చినంతలో మనిషి బయటపడడు. తెల్లవారితే గింజలు కావాలి. దొర పని ఇవ్వడు, బావి దగ్గరకు రానివ్వడు, పశువులను తన బీడులోకి తోలనివ్వడు. వారము గడిస్తే ఆ మనిషే వెళ్ళి “దొరా, తప్పయింది” అంటాడు. 1978లో కేంద్ర ప్రభుత్వము విడుదలైన ఒక్కొక్కరికి నాలుగు వేల రూపాయల వరకు పునరావాసమునకు ఇచ్చు పథకము పెట్టినది, సగము కేంద్రము, సగము రాష్ట్రము. దానితో పాటు పట్టా భూమి, ఇంటి స్థలము, పిల్లలకు హాస్టలు. ఇవి ఏ శాఖకు ఆ శాఖ విడివిడిగా చేసుకొంటూ పోతే ఒక్కటీ అందదు. భూమి రెవెన్యూది, అప్పు బ్యాంకుది, హాస్టలు సంక్షేమ శాఖది. వీటిని ఒక మనిషి చుట్టూ చేర్చుట కష్టమైన పని, పేపర్లలో రాని పని. షెడ్యూల్డు కులముల ప్రత్యేక అంగభూత ప్రణాళిక 1979-80 నుండి నడిచినదనగా దాని వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే: ప్రతి శాఖ బడ్జెటులో మన జనాభాకు తగిన వాటా వేరుచేసి చూపించాలి. ఆ ఆలోచనకు రూపము కల్పించినవారిలో పి.ఎస్. కృష్ణన్ గారు, అమలుకై పాటుపడినవారిలో శంకరన్ గారు ముఖ్యులు. 2013లో మన ఉమ్మడి రాష్ట్రములో అది చట్టము కూడా అయినది. అప్పటికి శంకరన్ గారు పోయి మూడేండ్లు.

దళితవాడకు పోయి కూర్చొనే అధికారి అందరికి నచ్చునా? నచ్చలేదు. జీతగాండ్రు లేచి నిలబడితే ఊరి పెద్దలు హైదరాబాదు పోయి మొరపెట్టుకొన్నారు. ఆయన పేదలను రెచ్చగొట్టుచున్నాడని అన్నారు. అప్పటి ముఖ్యమంత్రితో పొసగక ఆయన సెలవు పెట్టినారు. ఆ సమయములో త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి గారు ఆయనను పిలిపించుకొని ప్రధాన కార్యదర్శిని చేసికొన్నారు. ముఖ్యమంత్రి బ్రహ్మచారి, ప్రధాన కార్యదర్శి బ్రహ్మచారి, ఇద్దరికి ఆస్తి అనదగినది ఏమియు లేదు. అటువంటి జంట ఒక రాష్ట్రమును ఇంచుమించు ఆరేండ్లు నడిపినదని చెప్పితే మన మనుమలు నమ్ముతారో లేదో!

తిరిగివచ్చి మరల అదే సంక్షేమ శాఖ. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలో గిరిజనుల సమస్యలు విని వచ్చుచుండగా, గుర్తేడు ప్రాంతములో నక్సలైట్లు ఆయనతో సహా పలువురు అధికారులను పట్టుకొన్నారు. జైలులో ఉన్న తమవారిని విడిపించుకొన్న పిమ్మట వదిలిపెట్టినారు. పేదల పక్షమున నిలిచినవానికి పేదల పేరు చెప్పువారి చేతనే ఈ అనుభవము! అయినను ఆయన మనసులో చేదు పెట్టుకొనలేదు. పదేండ్ల తరువాత, 1997లో, ఇరువైపుల తుపాకులు ఆగవలెనని పౌర స్పందన వేదిక ఏర్పడినప్పుడు దానికి ముందు నిలిచినవారు ఆయనే. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమునకు, నక్సలైట్లకు చర్చలు జరిగినవంటే ఆ వేదిక ఏండ్ల తరబడి చేసిన కృషి దాని వెనుక ఉన్నది. చర్చలు నిలువలేదు, కొద్ది నెలలకే చెడినవి. అది ఆయన ఓటమి అనువారున్నారు. మేము అనము. ఒక విశ్రాంత ఉద్యోగి ఊరూరు తిరిగి, చనిపోయిన పోలీసు ఇంటికీ చనిపోయిన నక్సలైటు ఇంటికీ ఒకే ముఖముతో పోదగునని చూపుట తక్కువ పనియా?

ఢిల్లీలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా పనిచేసి 1992లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. పంచాయతీలకు రాజ్యాంగములో స్థానము ఇచ్చు సవరణ బిల్లు 1991 సెప్టెంబరులో లోక్‌సభకు వచ్చినది ఆ మంత్రిత్వశాఖ నుండియే. ప్రవేశపెట్టిన సహాయమంత్రి మన తెలంగాణ దళిత నాయకుడు జి. వెంకటస్వామి గారు. అది 73వ సవరణగా 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోకి వచ్చినది. ఈ సభలో వార్డు మెంబర్లుగా, సర్పంచులుగా చేసిన అక్కలు ఉన్నారు. ఆ కుర్చీ వారికి వచ్చిన దారి అది.

విరమణ తరువాత ఆయన చేసిన పనులలో మా మనసును ఎక్కువ తాకినది పాకీపని నిర్మూలన. మనిషి మలమును మనిషి ఎత్తుట 1993 చట్టముతోనే నిషేధము. అయినను తట్టలు ఆగలేదు. కోలారు బంగారు గనులలో తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్ గారు, ఆయన తోటివారు కట్టిన సఫాయి కర్మచారి ఆందోళనకు శంకరన్ గారు పెద్ద దిక్కుగా నిలిచారు. 2003లో వారు సుప్రీం కోర్టుకు పోయినారు. 2013లో కొత్త చట్టము, 2014 మార్చిలో కోర్టు తీర్పు వచ్చినవి. కోర్టులో పలు ప్రభుత్వములు “మా దగ్గర లేదు” అనియే చెప్పినవి, మా పటేలు చెప్పినట్లే! కార్యకర్తలు వీధివీధి తిరిగి ఫొటోలు తీసి, పేర్లు వ్రాసి ముందర పెట్టినారు. జీపు ఎక్కడ ఆగవలెనో, ఎవరిని అడుగవలెనో, అదే పాఠము మరల.

2005లో భారత ప్రభుత్వము పద్మభూషణ్ ప్రకటించగా ఆయన తీసికొనలేదు. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో కన్నుమూశారు.

ఇక మేము దాచిన మాట. ఆ చట్టములో 15వ సెక్షను. ఇది వెట్టి అప్పు అని జీతగాడు గాని విజిలెన్స్ కమిటీ గాని చెప్పితే, కాదని రుజువు చేయవలసిన భారము అప్పు ఇచ్చినవానిది. జీతగాడు రుజువు చూపనక్కరలేదు. ఎందుకనగా లెక్క వ్రాసుకొన్నవాడు దొర, పలక పట్టనివాడు జీతగాడు.

మాలో రెవెన్యూలో పనిచేసినవాని సంగతి. అతడు ఒప్పుకొన్న పిమ్మటనే ఇక్కడ చదువుచున్నాము. 1985లో తాలూకాలు పోయి రాష్ట్రమంతట 1,100కు పైగా మండలములు వచ్చినవి. అంతకు ముందటి సంవత్సరమే పటేల్ పట్వారీలు, మునసబు కరణములు పోయినారు. ఆఫీసు దగ్గరైనది, దస్త్రము ఊరిపెద్ద ఇంటి నుండి బయటపడినది. మనవాడు ఆ కొత్త మండలాఫీసులో గుమాస్తా. మన హాస్టలులో చదువుకొని వచ్చినవాడు. ఒక ముసలాయన పునరావాసపు ఫైలు అతని బల్లమీద ఉన్నది. విచారణ రిపోర్టులో అప్పు ఎప్పుడు తీసికొన్నదీ తేదీ వేయలేదు. తేదీ లేనిది ఫైలు పైకి పోదని అతడు ఆపినాడు. ముసలాయనను పిలిపించినాడు.

“ఎప్పుడు తీసుకున్నవు?”

“మా నాయిన సచ్చిన ఏడు.”

“తేదీ చెప్పు.”

“నాకేం తెల్సు సారూ. జొన్న కోతల దినాలు.”

“తేదీ కనుక్కొని రేపు రా.”

రేపు వచ్చినాడు. ఆ మరునాడు వచ్చినాడు. పది మైళ్ళు నడిచి నాలుగుసార్లు వచ్చినాడు. చెప్పులు వాకిట విడిచి, తలపాగ చంకలో పెట్టుకొని నిలుచున్నాడు. కూర్చోమని అనలేదు. ఆ ముసలాయన ఎవరు? మన సంఘస్థుడే. ఆదివారము గుడిలో ఇద్దరూ ఒకే చాపమీద కూర్చున్నవారు. గుడిలో “తాతా” అని పిలిచిన నోటితోనే ఆఫీసులో “రేపు రా” అన్నాడు.

తనిఖీకి వచ్చిన సబ్ కలెక్టరు, శంకరన్ గారిని చూచి పని నేర్చుకొన్న తరమువాడు, పెండింగు ఫైళ్ళు తిప్పుచు ఇది చూచి ఒక్క ప్రశ్న వేసినాడట: “రుజువు ఎవరు చూపాలి?” మనవాడు మాట్లాడలేదు. సబ్ కలెక్టరు వరండాలోకి పోయి ముసలాయనను బెంచీమీద కూర్చుండబెట్టి, పక్కన తాను కూర్చొని, ఆ సెక్షను తెలుగులో చెప్పినాడు. ఫైలు ఆ సాయంత్రమే కదిలినది. నెల తిరుగకముందే ముసలాయన గేదెను పట్టుకొని పేటకు వచ్చినాడు. మొదటి ఈతలో ఒక చెంబు జున్నుపాలు మనవాని ఇంటికి పంపినాడు. ఆ జున్ను తినలేకపోయినామని అతని భార్య ఇప్పటికీ చెప్పుతుంది.

చట్టము వచ్చి పదేండ్లు దాటినది. పుస్తకము బల్ల సొరుగులో ఉన్నది. కుర్చీలో మనవాడే ఉన్నాడు. అయినను పని ఆగినది. మేము నలుగురము దీనిని గూర్చి చాల మాట్లాడుకొన్నాము. ఇటువంటి “రేపు రా” లు మాలో మిగిలిన ముగ్గురికీ ఉన్నవి, లెక్క పెట్టితే ఈ సాయంకాలము చాలదు. శంకరన్ గారిది గొప్ప మనసు, మనకు అంత లేదు అని తప్పించుకొనవచ్చును. కాని 15వ సెక్షను చదువుటకు గొప్ప మనసు అక్కరలేదు, సొరుగు తెరువవలెను, అంతే.

ఇప్పుడు మన పిల్లలు ఎందరో ఉద్యోగములలో ఉన్నారు. సచివాలయము నుండి గ్రామ పంచాయతీ వరకు ఉన్నారు. ఆఫీసులలో కంప్యూటర్లు వచ్చినవి. వేలిముద్ర పడలేదని ముసలివారిని తిరిగి పంపుట వచ్చినది. పింఛను ఆగినవారు, పేరు తప్పుపడినవారు, పట్టా పుస్తకములో గుంటలు తగ్గినవారు, ఉపాధి పని చేసి కూలి పడనివారు మన పేటలలోనే ఉన్నారు. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది, ఉపాధి హామీ చట్టము వచ్చినది. మస్టరు రోలు పదిమందిలో పైకి చదివించు సామాజిక తనిఖీ మన రాష్ట్రములో మొదలైనప్పుడు ఎందరో మేస్త్రీలు తెల్లబోయినారు. ఆ సభలకు మన పేటవారు ఈ మధ్య పోవుట తగ్గించినారు. పోయినా వెనుక నిలుచుంటున్నారు.

అందుచేత సంఘ కమిటీవారిని అడిగి మేము ఒక ఏర్పాటు చేసికొన్నాము. ప్రతి మంగళవారము సాయంకాలము అయిదు గంటల నుండి, గుడి పక్కన పాత బడి వరండాలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక పొడుగాటి బెంచీ వేసికొని మేము కూర్చుంటాము. దరఖాస్తు వ్రాసిపెట్టుతాము, ఏ ఆఫీసుకు పోవలెనో చెప్పుతాము, ఒంటరిగా పోలేనివారితో ఒకరము తోడు వస్తాము. మన సంఘమువారే రావలెనని లేదు, ఊరిలో ఎవరైనను రావచ్చును. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకము, ఇంతకు ముందు ఇచ్చిన దరఖాస్తు రశీదు ఉంటే వెంట తేవలెను. తేదీలు గుర్తులేకపోయినా రండి. ఆఫీసులలో పనిచేయుచున్న మన పిల్లలు నెలకొక మంగళవారమైనా వచ్చి బల్లకు ఈవలి వైపున, బెంచీమీద, వచ్చినవారి పక్కన కూర్చొనవలెనని కోరుచున్నాము. ఇప్పటికి ఇద్దరు పేర్లిచ్చినారు. మిగిలినవారు సభ ముగిసిన పిమ్మట మా వద్ద పేరు వ్రాయించగలరు.